పసుపు పెట్టి పంపిన బట్టలు

ఈల ఇప్పటికీ నా చేతిసంచిలోనే ఉంటుంది. రిటైరై ఇంట్లో కూర్చున్న డ్రిల్లు టీచరుకు ఈలతో పనేమిటని మా ఆయన అడిగేవాడు. ఒకసారి చిత్తూరు బస్టాండు ముందర ఆటోవాళ్ళు దారికడ్డంగా నిలిపి కబుర్లు చెప్పుకుంటుంటే తీసి గట్టిగా ఊదాను. ఆటోలన్నీ పక్కకు జరిగాయి. అప్పటినుంచి మా ఆయన అడగడం మానేశాడు.

మీలాగా కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ టీచర్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మీరంతా అడిగేది ఒకటే మాట: మేడం, మీ చేతికింద ఎన్ని పతకాలు వచ్చాయి? వచ్చాయి, కాదనను. బడిలో అద్దాల బీరువాలో ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి. బీరువా తాళంచెవి ఎక్కడుందో మాత్రం నన్నడగొద్దు. నేను చెప్పాలనుకుంటున్నది ఒక జూడో డ్రెస్సు గురించి. నేను అడుగు పెట్టని దేశంలో, నేను ఏనాడూ చెయ్యి పట్టి నేర్పని ఒక పిల్ల ఆ డ్రెస్సు వేసుకుని పోటీకి దిగాలి. దిగనిస్తారా, లేదా? అది తేలేదాకా మా బడి వరండాలో మేం పడిన అవస్థ ఉందే, నా సర్వీసు మొత్తంలో అలాంటి రోజు ఇంకొకటి లేదు. ఇంకొన్నాళ్ళలో రిటైరవుతాననగా జరిగిందది.

దీనికంతా మూలం తిరుపతిలో చదువుకోవడానికి వచ్చిన ఒక విదేశీ అమ్మాయి. ఆఫ్రికాలో మలావీ అనే చిన్న దేశం ఆమెది. తిరుపతిలో వ్యవసాయం చదివేది. ఒక ఆదివారం పొద్దున నేను మా పిల్లల చేత మ్యాట్ మీద పల్టీలు వేయిస్తుంటే గుమ్మంలో నిలబడి, "అక్కా, ఈడ జూడో నేర్పిస్తారంట గదా, నేనూ రావచ్చునా?" అంది. మా పిల్లలు పల్టీలు ఆపేసి నోళ్ళు తెరిచారు. ఆమెకు తెలుగు నేర్పింది హాస్టలు వంటమనుషులు. పుస్తకాల తెలుగు ఒక్క ముక్క రాదు, మన యాస మాత్రం పొల్లు పోకుండా వచ్చు.

తన దేశంలో అప్పటికే జూడో ఆడిన పిల్ల. చదువు అయ్యేదాకా ఆదివారాలు తిరుపతి నుంచి బస్సెక్కి వచ్చి మా పిల్లలతో ఆడేది. మధ్యాహ్నం మా ఇంట్లో సంగటి తినేది. "మా ఊళ్ళో గూడా ఇట్లాంటిదే తింటామక్కా, మాది మొక్కజొన్న పిండితో చేస్తారు, అంతే" అనేది. చదువు ముగించుకుని వెళ్ళిపోయాక తన ఊరి పేదపిల్లల్ని పోగుచేసి తనే జూడో నేర్పడం మొదలుపెట్టింది. మాకు ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఒకరోజు వీడియోలో తన పిల్లల్ని చూపించింది. గోతాల్లో గడ్డి కుక్కి కుట్టి, పైన టార్పాలిన్ పరిచారు. అదే వాళ్ళ మ్యాట్. పిల్లలంతా మామూలు చొక్కాలతో ఉన్నారు. ఉన్న ఒకటి రెండు జూడో డ్రెస్సులనే వంతులవారీగా మార్చుకుంటున్నారు. ఒకరు ఆడి దిగగానే కోటు విప్పి ఇంకొకరికి ఇస్తున్నారు, చెమటతోనే.

"ఈ పిల్లని సూడక్కా" అని ఒక పొడుగాటి అమ్మాయి మీదికి ఫోన్ తిప్పింది. అక్కడ సముద్రమంత సరస్సు ఒకటి ఉందట. ఆ పిల్ల తల్లి సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. చేపలు కడిగే పని ముగించుకుని, చేతులు తోముకుని పరుగెత్తుకొస్తుందట ఈ పిల్ల. ఆటలో మంచి పట్టు ఉంది, నాకు చూడగానే తెలిసింది. కానీ కిందటి పోటీలో ఆమెను మ్యాట్ ఎక్కనివ్వకుండానే తిప్పి పంపారు. కారణం కోటు చేతులు పొట్టిగా ఉండటం.

జూడో తెలియనివాళ్ళకు ఇది విడ్డూరంగా ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. జూడోలో ఎదుటివాళ్ళ బట్టను పట్టుకునే వాళ్ళను పడేయాలి. కాలరు, కోటు చేతులు పట్టుకోవడానికే ఉన్నాయి. అందుకే చేతులు మణికట్టుదాకా రావాలి, బట్ట శుభ్రంగా, మరక లేకుండా ఉండాలి. పోటీకి ముందు ఒకరు కొలిచి చూస్తారు. ఈ పిల్లకు అరువు తెచ్చిన కోటు మోచేతి కిందికి కాస్త వచ్చి ఆగిపోయింది. ఇంకేముంది, పక్కన నిలబెట్టేశారు.

"మళ్ళా పోటీలు వస్తా ఉండాయక్కా, పక్క దేశంలో. ఈసారి గూడా తిప్పి పంపితే వాళ్ళమ్మ ఇంక పంపదు. చేపల పనికే నిలిపేస్తాది. ఏం జేసేది? నీకు చెప్పుకుంటే మనసుకు కొంచెం బాగుంటాదని చెప్పినా" అంది.

నాకు ఒళ్ళు మండింది. చెప్పుకుని ఊరుకోవడానికా నాకు ఫోన్ చేసేది? ఆట రాక ఓడిపోతే నేర్పుకోవచ్చు. గుడ్డ చాలలేదని ఆడనివ్వకపోవడమేమిటి? "నువ్వు ఫోన్ పెట్టెయ్. పిల్లల కొలతలు పంపు" అన్నాను.

మర్నాడు స్టాఫ్‌రూములో ఈ సంగతి ఎత్తితే సైన్సు మాస్టారు నవ్వాడు. ఆయనా నేనూ ఆ బడిలో చాలాకాలంగా పక్కపక్క కుర్చీలవాళ్ళం. రోజూ ఏదో ఒకదానికి వాదించుకోకపోతే ఇద్దరికీ టీ దిగదు.

"మన పిల్లోల్ల మ్యాటే నాలుగు పక్కలా చినిగిపోయుండాది. నువ్వు ఆఫ్రికాకు దానం చేస్తావా తల్లీ?"

"మనకు మంచి మ్యాటు లేదు సార్, నిజమే. దానికోసం నేను తిరగని ఆఫీసు లేదని మీకూ తెలుసు. కానీ ఊళ్ళల్లో, మన దగ్గర ఆడి పోయిన ఆడపిల్లోల్ల ట్రంకుపెట్టెల్లో ఎన్ని డ్రెస్సులు మగ్గిపోతా ఉండాయో తెలుసునా? ఆ ఆడపిల్లోల్లకు నేర్పింది నేను. వాళ్ళు ఇంక వేసుకునేది లేదు, మన పిల్లోల్లకు డ్రెస్సులు ఉండనే ఉండాయి, చాలనిది మ్యాటే. అవి అడుగుతా. ఎవురి నోటికాడ కూడూ లాక్కోవడంలా."

ఆయన టీ తాగడం ముగించి, "యాడెవరి దగ్గర ఉండాయో ఊళ్ళ పేర్లు చెప్పు, స్కూటర్ ఉండాది నాకు" అన్నాడు. ఎగతాళి చేసిన మనిషే మా అందరికంటే ఎక్కువ తిరిగాడు. పదో తరగతి చెప్పిన మాస్టారు కాబట్టి ఏ ఊరికి వెళ్ళినా ఎవరో ఒకరు పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. వెనక సీటుకు గోనెసంచి కట్టుకుని సందుల్లో తిరుగుతుంటే పాతగుడ్డలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషనుకుని ఒకావిడ బేరానికి దిగిందట. ఆ సంగతి ఆయనే వచ్చి చెప్పి నవ్వించాడు.

మా పాత విద్యార్థినులు కొందరు అడగగానే ఇచ్చారు. ఒకతె ఇంట్లో కోటును ఇస్త్రీ బల్ల మీద పరిచారు. ఇంకొకతె కొడుకు దాన్ని చలికాలం కప్పుకుంటున్నాడు, వాడు ఏడ్చి గొడవ చేస్తే వదిలేసి వచ్చాం. జూడో కోటు మామూలు గుడ్డ కాదు, ఏళ్ళు గడిచినా చిరగదు, చిరిగితే కాలరు దగ్గరే చిరుగుతుంది. నగరిలో మరమగ్గాలు నడిపే ఒక తండ్రి, తన కూతురు మా దగ్గర ఆడిన రుణానికని, మందపాటి గుడ్డ తెచ్చి కాలర్లన్నీ కొత్తవి వేయించి ఇచ్చాడు. ఉతికి మడతలు పెడితే చూడముచ్చటగా తయారయ్యాయి. చిన్నపిల్లలకు, నడిమి పిల్లలకు సరిపడేవి దొరికాయి. ఆ చేపల పిల్లకు సరిపడేది మాత్రం దొరకలేదు. అంత పొడుగు చేతులు ఎవరికున్నాయి?

ఒకరికి ఉన్నాయి. నాకు మొదటినుంచీ తెలుసు, కానీ అడగడానికి మనసొప్పక చివరిదాకా ఆగాను.

ఆమెది ఐరాల. నేను నేర్పినవాళ్ళలో అంత ఆట ఉన్న పిల్ల ఇంకొకతె లేదు. రాష్ట్రంలో గెలిచి జాతీయ పోటీలకు ఎంపికైంది. వాళ్ళ నాయన ముచ్చటపడి కొత్త డ్రెస్సు కుట్టించాడు. ఇంకో రెండు రోజుల్లో రైలెక్కుతామనగా ఆ నాయనే చెరుకు గానుగ దగ్గర పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. బెల్లం వండే కాలం, కోసిన చెరుకు కళ్ళంలో ఉంది, ఆవులున్నాయి. ఆ పిల్ల ఆగిపోయింది. మరుసటి ఏడు వయసు దాటిపోయింది. పెళ్ళయింది, సేద్యం చేసుకుంటోంది, బాగానే ఉంది. ఆ కొత్త డ్రెస్సు మాత్రం ఒక్కసారైనా ఒంటిమీద వేసుకోలేదు.

సైన్సు మాస్టారి స్కూటర్ మీద వాళ్ళ ఇంటికి వెళ్ళాం. ఆయన బయట సంచి కట్టుకుంటూ నిలబడ్డాడు. ఆమె ఆవులకు గడ్డి వేస్తోంది. నేను అడిగింది విని గడ్డి వేయడం ఆపలేదు.

"అది ఇచ్చేది గాదు మేడం. వేరే ఏమన్నా అడగండి."

"నువ్వు ఏసుకుంటావా దాన్ని?"

"నేనేడ ఏసుకునేది ఇంక."

"మరి ఎవురికోసరం దాచిపెట్టినావు మే?"

ఆమె గడ్డి తీసుకుని ఇంకో ఆవు దగ్గరికి జరిగింది. నాకు బతిమాలడం చేతకాదు. ఫోన్ తీసి ఆ పిల్ల వీడియో పెట్టి ఆమె చేతిలో పెట్టాను. మోచేతి కిందే ఆగిపోయిన కోటు చేతులు, ఆ కోటుతోనే ఎదుటిపిల్లను నడుం మీదుగా ఎత్తి పడేసిన తీరు చూసింది. అయిపోయాక మళ్ళీ పెట్టుకుని చూసింది.

"కుడికాలు ఇంకొంచెం లోపలికి పెట్టాల" అంది. తర్వాత, "వాళ్ళమ్మ చేపలమ్ముతాదా?" అంది.

"అవును. ఈసారి ఆడనీకపోతే పిల్లని గూడా ఆ పనికే పెడ్తాదంట."

ఆమె లోపలికి పోయి ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వినిపించింది. మధ్యమధ్య వేపాకు వేసి మడిచిన డ్రెస్సు తెచ్చి మంచం మీద పరిచింది. తెల్లగా, అప్పుడే అంగట్లోంచి తెచ్చినట్టు ఉంది. చేత్తో దులిపి, కాసేపు చూసి, మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి దేవుడి గూట్లోంచి పసుపు తడిపి తెచ్చింది. కాలరు కొసలకు, చేతుల అంచులకు, ప్యాంటు కిందికొసలకు, బెల్టు రెండు చివర్లకు పెట్టింది. మనం మామూలుగా ఏదో కనపడని మూల ఒక చుక్క పెట్టి ఊరుకుంటాం. ఆమె చేతినిండా పెట్టింది.

మిగతా డ్రెస్సులకు ఎవరూ పసుపు పెట్టలేదు, అవి వాడినవి. ఇది కొత్తది. కొత్తబట్ట పసుపు లేకుండా ఒంటిమీద వేసుకుంటామా? అడ్డు చెప్పాలని నాకు తోచలేదు. ఏటా పదో తరగతికి పసుపు కాగితం మీద సబ్బునీళ్ళు చుక్క వేసి రంగు మార్చి చూపించే సైన్సు మాస్టారు కూడా గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆయనకీ తోచలేదు. పైగా, "మంచిది తల్లీ, శుభంగా పెట్టినావు" అని మెచ్చుకున్నాడు.

ఇక పార్సిలు పంపే ఖర్చు. బట్టలు ఊరికే వచ్చాయి గానీ ఓడ, విమానం ఊరికే మోసుకుపోవు కదా. అది మామిడికాయల కాలం. బంగారుపాళ్యం మండీలో లారీలు బారులు తీరి ఉంటాయి, మనుషులు కిటకిటలాడుతుంటారు. హెడ్మిస్ట్రెస్ అనుమతి తీసుకుని మా ఆడపిల్లలతో అక్కడ జూడో ప్రదర్శన పెట్టాను. పిల్లలు ఒకరినొకరు విసురుకున్నారు. జనం చూశారు గానీ జేబుల్లోకి చేతులు పోలేదు.

మండీ మేస్త్రీ, బండ లాంటి మనిషి, ముందుకొచ్చి, "ఇదంతా ముందే మాట్లాడుకోని పడేది గదమ్మా. ఉత్త నాటకం" అన్నాడు. మామూలుగా అయితే నేను ఊరుకునేదాన్ని అని మీతో అబద్ధం చెప్పను. ఎప్పుడూ ఊరుకోలేదు. చీర కొంగు నడుముకు చుట్టి, "రాప్పా, నువ్వు నాతో ఏమీ మాట్లాడుకోలా గదా, ఈ మ్యాట్ మీద నిలబడు" అన్నాను. జుట్టు సగం నెరిసిన ఆడమనిషి పిలిస్తే రాకపోతే పరువు పోతుంది, వస్తే ఏమవుతుందో తెలియదు. వచ్చాడు. చొక్కా పట్టుకుని, తిరిగి, నడుం మీద వేసుకుని మెత్తగా పడేశాను. మెత్తగానే. నా నడుమే తర్వాత కొన్నాళ్ళు మాట వినలేదు.

అప్పుడు లేచిన ఈలలు, అరుపులు మండీ దాటి హైవే దాకా వినిపించి ఉంటాయి. మేస్త్రీ లేచి దుమ్ము దులుపుకుని, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి పట్టుకుని తనే ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగాడు. "నన్ను పడేసినప్పుడు నవ్వినారు గదరా, తీయండి ఇంక" అని వసూలు చేశాడు. మామిడి జిగురు అంటిన నోట్లవి. వాటితో చెన్నై నుంచి పార్సిలు వెళ్ళింది.

పార్సిలు చేరిన రోజు అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. పిల్లలు డ్రెస్సులు వేసుకుని గంతులేస్తున్నారు. చేపల పిల్ల మాత్రం తన డ్రెస్సు వేసుకోలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పసుపు ఏమిటని అడిగిందట. తిరుపతిలో ఉన్నన్నాళ్ళు మన పెళ్ళిళ్ళకు, పండుగలకు తిరిగిన అమ్మాయి కాబట్టి విడమరిచి చెప్పింది. "ఇది నీకు పంపినామె దీవెన అని చెప్పినానక్కా. పోటీ రోజే ఏసుకుంటాదంట, అంతవరకు తొడగదంట. కొలత సూసినా. చేతులు సరీగ్గా మణికట్టు కాడికి వచ్చినాయి" అంది. ఆ మాట ఐరాలకు ఫోన్ చేసి చెప్పాను. చేతులు మణికట్టు దాకా వచ్చాయన్న మాట ఆమె నాచేత ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత, "పోటీ రోజు నేను గూడా వస్తా మేడం, మీ ఫోన్లో సూస్తా" అంది.

పోటీ శనివారం వచ్చింది. మనకు మధ్యాహ్నమైతే వాళ్ళకు ఇంకా పొద్దునే. బడి వదిలేశాక మా జూడో పిల్లలు, ఐరాల ఆమె, సైన్సు మాస్టారు, నేను వరండాలో బెంచీ మీద ఫోన్‌ను చాక్‌పీసుల డబ్బాకు ఆనించి కూర్చున్నాం. పిల్లలు వేరుశెనగలు తెచ్చుకున్నారు.

ఫోన్ మోగింది. తిరుపతిలో చదివిన అమ్మాయే చేసింది.

"అక్కా, డ్రెస్సుకు నెత్తురు మరకలు ఉండాయంటా ఉండారు. కొలతలు సూసే ఆయన పక్కన పెట్టేసినాడు. వేరే డ్రెస్సు తెచ్చుకోమంటాడు. వేరేది యాడ తెచ్చేదక్కా ఈ పిల్ల కొలతకు?"

"నెత్తురేంది? ఎవురికి దెబ్బ తగిలింది?"

"ఎవురికీ లేదు. నిన్న వాళ్ళమ్మ ఉతికింది. చేపల వాసన యాడన్నా అంటుంటాదేమో, పదిమందిలో బిడ్డకు అవమానమని బార్ సోపేసి బాగా రుద్ది ఉతికిందంట. రేత్రి దీపం వెలుతురులో తెలియలేదు. అట్లే బస్సెక్కినాం, పొద్దున ఈడ విప్పి సూస్తే ఎర్రగా ఉండాయి."

ఫోన్ డ్రెస్సు మీదికి తిప్పింది. తెల్లటి కోటు కాలరు కొసలకు, చేతుల అంచులకు ఎర్రటి మరకలు. నేను కూడా నెత్తురనే అనుకున్నాను. నా పక్కన ఐరాల ఆమె ఒక్కసారి నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ మరకలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు?

"నా చేత్తోనే పెడ్తిని గదా మేడం. నా పసుపే. సబ్బు తగిల్తే ఎర్రగా గాదా? హారతి నీళ్ళు ఎట్ల జేస్తాం మనం, పసుపులో సున్నం ఏసే గదా!"

సైన్సు మాస్టారు తన నుదురు తనే కొట్టుకున్నాడు. ప్రతి ఇంట్లో దిష్టినీళ్ళు కలిపే మనుషులం, అందరం అక్కడే ఉండి, ఒక్కరికీ ఆలోచన రాలేదు. ఇక్కడ ఒకతె బిడ్డకు మంచి జరగాలని చేతినిండా పసుపు పెట్టింది, అక్కడ తల్లి బిడ్డకు అవమానం కాకూడదని రెక్కలు నొప్పి పుట్టేదాకా ఉతికింది. ఇద్దరిదీ ప్రేమే. మధ్యలో పిల్ల గోడకానుకుని నిలబడి ఉంది, ఫోన్లో కనిపిస్తోంది. ఏడవడం లేదు. పోయినసారి కూడా ఇలాగే నిలబడి ఉంటుంది. అది చూసేసరికి నాకు దుఃఖం వచ్చింది, దాని వెంటే కోపమూ వచ్చింది. నాకు కోపం వస్తే బుర్ర బాగా పనిచేస్తుంది.

"ఏమ్మా, నిమ్మకాయ దొరుకుతాదా ఆడ?" అని అరిచాను.

"పులుపు తగిల్తే మళ్ళా పసుప్పచ్చగా అవుతాది, అవుతాది" అని సైన్సు మాస్టారు బెంచీ మీద నుంచి లేచాడు.

"నిమ్మకాయ తెచ్చుకోని ఆ కొలతలాయన కండ్ల ముందరే పిండు. నువ్వు ముందుగా పిండి తీసుకోనిపోతే నమ్మడు. ఆయన సూస్తా ఉండంగానే పిండు" అన్నాను.

ఆ అమ్మాయి పరుగెత్తింది. ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి మాకు నేల, కాళ్ళు, కుర్చీలు గిరగిరా కనిపించాయి. వంట చేస్తున్న ఆడవాళ్ళ దగ్గర నిమ్మకాయ దొరికింది. మళ్ళీ పరుగు. కొలతలు చూసే ఆయన కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి. ఆమె ఏదో ఇంగ్లీషులో గబగబా చెప్పి, కోటు చేతి అంచున ఉన్న ఎర్రటి మరక మీద నిమ్మకాయ పిండింది. మా కళ్ళముందే, ఆయన కళ్ళముందే, ఎరుపు కరిగి పసుపు తేలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంకోచోట తనే పిండి చూశాడు.

ఆయనను నేను తప్పు పట్టను. తన పని తాను చేశాడు. నెత్తురు కాదని ఒప్పుకున్నాడు, కానీ డ్రెస్సు తెల్లగా ఉండాలి, నియమం నియమమే అన్నాడు. ఈ పిల్ల పోటీ వంతు భోజనాల తర్వాత. ఆలోపు మరక పోతే తెచ్చి చూపించమన్నాడు.

"ఇంకేం జేసేదక్కా?"

నేను నోరు తెరిచేలోపే ఐరాల ఆమె ఫోన్ లాక్కుంది. "ఎండకెయ్యి తల్లీ. నిమ్మకాయ రసంతో తడిపి, తడి ఆరకముందే ఎండకు పరువు. పసుపు ఎండకు నిలవదు. మరక పైకుండాల. నీడ పడనీకుండా జరుపుకుంటా ఉండు. ఆరిపోతే మళ్ళా తడుపు."

వాళ్ళు వచ్చిన మినీబస్సు పైన డ్రెస్సు పరిచారు. మన డ్రెస్సులు వేసుకున్న పిల్లలంతా దాని చుట్టూ బస్సు పైన ఎక్కి కూర్చున్నారు. ఎండ బాగానే ఉంది. కాసేపటికి మబ్బు పట్టింది. మా వరండాలో వేరుశెనగలు ఎవరూ ముట్టడం లేదు. మబ్బు పోయింది, మళ్ళీ వచ్చింది. ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

ఐరాల ఆమె వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది. "నా దగ్గర ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండె. ఇయ్యకుండా ఉన్నా బాగుండు" అంది ఒకసారి.

నాకు కోపం ఆగలేదు. "నోరు ముయ్యి. పెట్టెలో ఉంటే దానికి ఏ మరకా అంటదు, నిజమే. దానికోసరమేనా మీ నాయన కుట్టించింది?" అన్నాను. అనవలసింది కాదేమో. కానీ ఆమె తిరగడం ఆపి వచ్చి నా పక్కన కూర్చుంది.

ఫోన్ మోగింది. ఆ అమ్మాయి ఫోన్ పైకెత్తి చూపించింది. కొలతలాయన కోటు చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పి చూస్తున్నాడు. కాలరు చూశాడు, బెల్టు కొసలు చూశాడు. తర్వాత ఆ పిల్లను పిలిచి చేతులు చాపమన్నాడు. కోటు తొడిగి చూస్తే అంచు మణికట్టు మీద పడింది. వెళ్ళు అన్నట్టు తల ఊపాడు. మా పిల్లలు పెట్టిన కేకకు వీధిలోవాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు.

కాలరు ఇంకా తడిగానే ఉంది. ఆ పిల్ల మ్యాట్ అంచు దాకా నడిచి వచ్చి నిలబడింది. జూడోలో దిగేముందు వంగి నమస్కరించాలి. ఆ పిల్ల వంగింది. నా పక్కన ఏదో కదిలినట్టయి చూస్తే, ఐరాల ఆమె ఎప్పుడు లేచిందో లేచి, కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ తొడల మీద ఆనించి, అచ్చం నేను నేర్పినట్టే వంగి ఉంది. మా పిల్లలెవరూ నవ్వలేదు. నేను ముఖం తిప్పుకున్నాను.

మొదటి ఆటలో ఎదుటిపిల్ల వచ్చీ రాగానే ఈ పిల్ల కోటు చేతి అంచు దొరకబుచ్చుకుంది. పట్టుకోవడానికి గుడ్డ ఉంది మరి. చాలాసేపు పెనుగులాడారు. "కుడికాలు లోపలికి పెట్టు, లోపలికి" అని ఐరాల ఆమె ఇక్కడ వరండాలో నిలబడి అరుస్తోంది. ఆ పిల్లకు వినిపించే దారి లేదు. కానీ కాలు లోపలికే పెట్టింది, నడుం మీద వేసుకుని శుభ్రంగా పడేసింది. రెండో ఆటలో తనకంటే బాగా ఆడే పిల్ల ఎదురైంది, ఓడిపోయింది. అంతే. పతకం లేదు. మన బీరువాలో గానీ వాళ్ళ బీరువాలో గానీ పెట్టుకోవడానికేమీ రాలేదు. తల్లి మాత్రం వచ్చే ఏడు కూడా పంపుతానందట. నాకు కావలసింది అదే.

కాసేపటికి ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "అక్కా, ఈ పిల్ల ఏడుస్తా ఉండాది."

"ఓడిపోయినందుకా? ఓడిపోకుండా ఎవరన్నా నేర్చుకుంటారా, చెప్పు దానికి."

"అందుకు గాదక్కా. పసుపంతా ఎండకు పోయింది గదా. అంత దూరం నుంచి పంపిన దీవెన పోయిందంట. మళ్ళా పెట్టి ఇమ్మంటా ఉండాది. తిరుపతిలో కొన్న పసుపు నా దగ్గర కొంచెం ఉండాది. ఊరికి పోయినాక పెట్టనా?"

ఫోన్ ఐరాల ఆమె చేతికిచ్చాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. పట్టలేని సంతోషంతో నవ్వుతోందని అప్పుడు చూశాను.

"వద్దు తల్లీ. పసుపు కొత్తగుడ్డకే పెట్టేది. అదింక కొత్తది గాదని చెప్పు, ఏసుకోని ఆడిన గుడ్డ" అంది. ఫోన్ నాకిచ్చేసి, ఆవులకు పాలు తీసే వేళయిందని ఐరాల బస్సు కోసం లేచింది.